జెట్టీ మీద చెప్పులు

చెప్పులు జతగా ఉండటమే డిటెక్టివ్ నిదానానికి మింగుడుపడటం లేదు.

అవి ఇప్పుడు అక్కడ లేవు. నిన్న తెల్లవారాక పోలీసులు సంచిలో వేసుకుని పట్టుకుపోయారు. కానీ బోటు యార్డు మేస్త్రీ కంటికి ఒకసారి ఆనిన వస్తువు చెరగదు. మోకాళ్ల మీద కూర్చుని, జెట్టీ చెక్కల మీద సుద్దముక్కతో రెండు పాదాలు గీసి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఇదిగో, ఇలాగండీ. వేళ్లు బోటు వైపు, మడమలు ఒడ్డు వైపు. గుమ్మం ముందు విప్పినట్టు."

"మధ్యలో ఎడం?"

"రెండు వేళ్లు. అంతకంటే లేదు."

నిదానం ఆ సుద్దగీతల పక్కనే చతికిలబడ్డాడు. టైము రెండు కావడానికి పావుగంట ఉంది. అసలు పేరు ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ పలకరు. ఇన్‌స్పెక్టరు పదిహేనేళ్ల కిందట వెటకారానికి పెట్టిన పేరే అందరి నోళ్లలో నాని స్థిరపడింది. ఆయన కాదనలేదు. తండ్రి బళ్లు చేసే వడ్రంగి. ఇరుసు తొందరపడి బిగిస్తే పది మైళ్ల అవతల ఎవడి నడుమో విరుగుతుందని చెప్పి పెంచాడు. ఆ తొందర లేకపోవటమే డిటెక్టివ్ పనిలో ఇన్నేళ్లుగా అన్నం పెడుతోంది.

ఈ రోజు మాత్రం తొందర తప్పేట్టు లేదు.

ఎదురుగా ముప్ఫై అడుగుల తెరచాప బోటు నీళ్ల మీద సన్నగా ఊగుతోంది. కొని నెల కూడా కాలేదు. యార్డుకి రాత్రి కాపలా కాసే తాత నిన్న పొద్దున్న ఈ బోటుకీ జెట్టీకీ మధ్య బోర్లా తేలుతూ మేస్త్రీ కంటపడ్డాడు. అప్పటికి ఆరూ పది. కాపలా పుస్తకంలో నాలుగింటి సంతకం ఉంది, అయిదింటిది లేదు. తాగి, చెప్పులు విప్పి, గట్టున కాళ్లు జారవేసుకుని కూర్చుని జారిపడ్డాడని ఇన్‌స్పెక్టరు గంటలో తేల్చేశాడు.

"డ్యూటీలో తాగుతాడా?"

"డ్యూటీ దిగాక కూడా టీ తప్ప ముట్టడండీ. కడుపులో పుండు."

"బోటెక్కేటప్పుడు చెప్పులు విప్పే అలవాటుందా?"

మేస్త్రీ నవ్వబోయి ఆగాడు. చచ్చిపోయినవాడి మాట కదా. "తాతా? పడుకునేటప్పుడు కూడా విప్పడండీ. అరికాళ్ల నిండా ఆణెలు. ఈ రెండేళ్లలో దీపాలు చూడ్డానికి ఎన్ని బోట్లెక్కి దిగాడో, అన్నీ చెప్పులతోనే. డెక్కు మీద నల్ల మరకలు పడుతున్నాయని నేను తిట్టిన రోజులున్నాయి."

"మరి నిన్న ఎందుకు విప్పాడు?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు."

నిదానం కళ్లు బోటు పొట్ట మీద ఉన్నాయి. తెల్లటి పొట్ట చుట్టూ కొత్తగా వేసిన ఎర్రపట్టీ, నాలుగు వేళ్ల వెడల్పున. నీళ్లు ఆ పట్టీ కింది అంచుని ముందూ వెనకా ఒకే ఎత్తులో నాకుతున్నాయి. బరువు సమంగా ఉంది. బండి చూసినా బోటు చూసినా ఆయన కళ్లు ముందు అదే చూస్తాయి.

"సార్, పైకి రండి. మీకు చూపించాల్సినవి ఉన్నాయి."

పిలిచింది బోటు కొన్నావిడ. యాభై దాటిన మనిషి. బజారులో మందుల షాపు ఉంది కాబట్టి యార్డులో అందరికీ మందులమ్మే. నిదానాన్ని పిలిపించిందీ ఆవిడే. పొద్దున ఫోనులో ఒకే మాట చెప్పింది. "నాలుగూ పదికి పెద్ద పోటు. ఈ బోటు అడుగు నీళ్లలోకి బాగా లోతుగా దిగుతుంది కాబట్టి కాలువ మూతిలో ఉన్న బురదమేట మీంచి పోవాలంటే ఈ పోటే ఉండాలి. తప్పితే మళ్లీ పదిహేను రోజులు. ఎల్లుండి నాకు కంటి ఆపరేషను. తర్వాత ఎంత చూపు మిగులుతుందో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. సముద్రంలోకి వెళ్లకూడదంటే ఎందుకో చెప్పండి, ఆగిపోతాను. ఊరికే వద్దంటే మాత్రం ఆగను."

ఇప్పుడు ఆవిడ డెక్కు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందు తెరచాపకి కొక్కేలు తగిలిస్తోంది. కొక్కెం కళ్లకి ఆనేంత దగ్గరగా పెట్టుకుంటే గాని కనిపించడం లేదు. ఆవిడ తమ్ముడు, బడిలో డ్రిల్లు మాస్టారు, కొయ్య స్తంభం మొదట్లో తాడు లాగి పట్టుకుని ఉన్నాడు. రబ్బరు బూట్లు, మెడలో ఈల.

"అక్కా, ఆయన్ని కూడా ఓ తాడు పట్టుకోమను. డిటెక్టివులకి తాళ్లంటే ఇష్టం కదా."

"నువ్వు నోరు మూసుకుని లాగరా."

నిదానం చెప్పులతోనే డెక్కెక్కాడు. ఎవరూ ఏమీ అనలేదు. అది కూడా గమనించాడు.

మందులమ్మ అట్టకి బిగించిన కాగితాలు అందించింది. బోటు కొన్న రోజున తమ్ముడితో కలిసి ఒక్కో మూలా తడిమి రాసిన లోపాల జాబితా. నలభై ఒకటి. సముద్రంలోకి వెళ్లేలోపు అన్నీ బాగవ్వాలని పట్టు పట్టింది. బాగైన ప్రతిదానికీ పక్కన ఎర్ర టిక్కు, టిక్కు పక్కన చేసినవాళ్ల గుర్తు. మేస్త్రీ చేస్తే 'మే', తమ్ముడు చేస్తే 'త'. మందు ఎవరి చేత్తో ఇచ్చారో రాసుకునే అలవాటు ఇక్కడికీ వచ్చింది.

నిదానం వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ పోయాడు. పదిహేడు దగ్గర ఆగింది వేలు. ఇరవై రెండు దగ్గర. ఇరవై తొమ్మిది దగ్గర.

"ఈ మూడింటికీ టిక్కుంది, గుర్తు లేదేంటమ్మా?"

ఆవిడ కాగితం ముక్కు దాకా తెచ్చుకుంది. "పదిహేడు... కేబిన్లో చేతిపంపు, నీళ్లు రావట్లేదు. అది ఆదివారం బాగైంది. ఇరవై రెండు, ముక్కు గది పై మూతకి లోపలి గడియ పట్టట్లేదు. అది సోమవారం. ఇరవై తొమ్మిది, కేబిన్ తలుపు జరిపితే కిర్రుమంటోంది. మంగళవారం. ఇవి మేస్త్రీగారు చేసుంటారు."

"నేనా?" అన్నాడు మేస్త్రీ జెట్టీ మీంచి. "పంపు జోలికి నేను పోలేదమ్మా. డ్రిల్లు మాస్టారు విప్పారనుకున్నాను."

"నాకు పంపు విప్పటం వస్తే బడిలో కుళాయి మూడు నెలల్నుంచి ఎందుకు కారుతుంది?" అన్నాడు తమ్ముడు. నవ్వుతూ మొదలుపెట్టాడు గాని మాట చివరికొచ్చేసరికి నవ్వు లేదు. చేతిలో తాడు వదులైంది.

పైన కొయ్యకి ఏదో తాడు టకటకమని కొట్టుకుంటోంది.

"బాగానే చేశారు కదా అని నేనూ అడగలేదు," అంది మందులమ్మ మెల్లిగా.

"అదేనమ్మా వాడి ధైర్యం. చెడగొట్టుంటే ముగ్గురూ వెతికేవాళ్లు. బాగుచేసినవాణ్ణి ఎవరు వెతుకుతారు?" నిదానం అట్ట ఆవిడ చేతికిచ్చాడు. "తాగటానికి నీళ్లు. లోపల్నుంచి వేసుకునే గడియ. చప్పుడు చెయ్యని తలుపు. మీ నలభై ఒకటిలో ఈ మూడే ఏరుకున్నాడంటే బోటు మీద ప్రేమ ఒక్కటే కాదు."

రెండూ ఇరవైకి కేబిన్లోకి దిగాడు.

దిగగానే ఇత్తడి పాలిష్ వాసన. నాలుగు మెట్లు, రెండు వైపులా రెండు బల్లలు, చేతులు కడుక్కునే చిన్న తొట్టి, దాని పక్కన పంపు. పిడి పట్టుకుని రెండుసార్లు నొక్కాడు. కిచ్చు, కిచ్చు. రెండో నొక్కుకే నీళ్లు దూకాయి. విప్పి చూస్తే లోపల కొత్త తోలు వాషరు, చుట్టూ కత్తితో సమంగా కోసిన అంచు. బజారులో దొరికే రబ్బరుది కాదు. ఎవరో కూర్చుని కోశారు.

కేబిన్ చివర, బోటు ముందు కొసన ఉన్న ముక్కు గది తలుపు చిన్నది, వంగితే గాని పట్టదు. లోపల పాత తెరచాపల సంచులు మూడు. రెండు ఉబ్బుగా ఉన్నాయి. మూడోది మధ్యలో నొక్కుకుపోయి ఉంది, తలగడలాగా. చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉంది. ఎప్పుడో లేచి వెళ్లిపోయారు. పై మూత గడియ జరిపి చూశాడు. వెన్నలో వేలు పెట్టినట్టు కదిలింది. గడియ తీసేసి, గాలి ఆడాలని మూత కొంచెం ఎత్తి, కింద చెక్కముక్క పెట్టి వచ్చాడు.

అప్పుడు గడియ స్క్రూలు కళ్లలో మెదిలాయి. మళ్లీ వెనక్కి వెళ్లి చూశాడు. నాలుగు స్క్రూలు. నాలుగు తలల మీదా గాడి నిలువుగా ఉంది. ఒక్కటీ వాలలేదు.

బిగించేవాడు బిగిస్తాడు, గాడి ఎటు ఆగితే అటు ఆగుతుంది. మేస్త్రీ కొత్తగా వేసిన మెట్ల అంచుపట్టీ చూశాడు. గాడులు తలో దిక్కూ చూస్తున్నాయి. పాత అలమారా చూశాడు. ముప్ఫైకి పైగా స్క్రూలు, అన్నీ నిలువే. తొట్టి చుట్టూ నిలువే. తండ్రి బతికి ఉంటే ఈ పని చేసినవాడికి దండం పెట్టి, ఆ తర్వాత వీడితో కాపురం చేసే ఆడదాని గురించి జాలిపడి ఉండేవాడు.

అలా వెతుక్కుంటూ ఎడమ బల్ల కిందికి పాకాడు. గోడకి ఒక పలక, ఆరు స్క్రూలు, ఆరూ నిలువు. కానీ వీటి గాడుల్లో ఇత్తడి తళతళలాడుతోంది. ఈ మధ్యే స్క్రూడ్రైవరు తగిలింది. విప్పాడు. పలక వెనక బొటనవేలంత గొట్టం, దాని మెడకి కొత్త క్లిప్పు. కింద చెక్క మీద ఎండిన ఉప్పు చారిక.

"మేస్త్రీగారూ, ఇలా దిగండి. ఈ గొట్టం సంగతి మీకు తెలుసా?"

మేస్త్రీ బల్ల కింద తల పెట్టి చాలాసేపు చూశాడు. "ఇక్కడ గొట్టం ఉందనే తెలీదండీ."

"కొన్న కొత్తలో అడుగున తడి ఉండేది," అన్నాడు డ్రిల్లు మాస్టారు మెట్ల మీంచి. "నాలుగు రోజుల్నుంచి లేదు. ఎండకి ఆరిందనుకున్నాం."

"జాబితాలో లేని రిపేరు ఇది," అన్నాడు నిదానం. "మీకు తెలీదు, మేస్త్రీకి తెలీదు. మరి పలక వెనక గొట్టం ఉందనీ అది కారుతుందనీ ఎవరికి తెలుసు?"

మేస్త్రీ బల్ల పట్టుకుని లేచాడు. అలమారా స్క్రూల మీద చెయ్యి వేసి ఒక్కొక్కటే తడిమాడు.

"చాదస్తంగారు," అన్నాడు.

"ఎవరాయన?"

"ఈ బోటు పాత యజమానండీ. లోపలి పనంతా సొంత చేతుల్తో చేసుకున్నాడు. తాడు చుడితే ఒకే వైపు చుట్టాలి. స్క్రూ బిగిస్తే గాడి నిలువుగా ఆగాలి. అందుకే ఆ పేరు. ఆయన డెక్కు మీద..." మేస్త్రీ జెట్టీ ఉన్న వైపు తల తిప్పాడు. "ఆయన డెక్కు మీద ఎవరూ చెప్పులతో కాలు పెట్టకూడదు. తాత ఆయన దగ్గర పన్నెండేళ్లు చేశాడు. ఆయన కనబడితే చాలు, మాట్లాడక ముందే విప్పేసేవాడు."

డ్రిల్లు మాస్టారు తన రబ్బరు బూట్ల వంక చూసుకున్నాడు.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"చచ్చిపోయాడండీ. రెండేళ్లయింది. ఈ బోటులోనే ఆయనా ఆయన వ్యాపార భాగస్వామీ బయల్దేరారు. మూడో రోజుకి బోటు ఒక్కటే దొరికింది. పదకొండో రోజున శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. భాగస్వామి చంపి పారిపోయాడన్నారు. వాడికోసం ఇప్పటికీ వెతుకుతున్నారు."

"శవాన్ని మీరు చూశారా?"

"నన్నే పిలిచారు గుర్తుపట్టమని."

"ముఖం?"

"ముఖం ఎక్కడుందండీ చూడ్డానికి. చొక్కా ఆయనది. వాచీ ఆయనది."

జెట్టీ అవతల జీపు హారను మోగింది. మూడూ అయిదు.

ఇన్‌స్పెక్టరు బోటు దాకా రాలేదు. యార్డు ఆఫీసు మెట్ల మీద నిలబడి చిటికె వేశాడు. అందరూ వచ్చి కాగితాల మీద సంతకాలు పెడితే తాత ఫైలు మూసేస్తాడట. ఒకరు ఇక్కడ ఉంటారని నిదానం అన్నాడు. ఒక్కరు కూడా ఉండటానికి వీల్లేదని ఇన్‌స్పెక్టరు అన్నాడు. నలుగురూ నడిచారు. రెండు వందల అడుగులు ఉంటుంది ఆఫీసు. నిదానం మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. తెరచాపల షెడ్డు, రంగు డబ్బాల గుట్ట, తలకిందులు చేసి పెట్టిన నాటు పడవలు. మనిషి దాగాలంటే చోటుకేం కరువు లేదు.

"ఏమయ్యా నిదానం, చెప్పుల కేసు ఎంతదాకా వచ్చింది? కుడిది దొరికిందా, ఎడమది దొరికిందా?"

"రెండూ మీ దగ్గరే ఉన్నాయి కదండీ. ఒక్క మాట అడుగుతాను. కాళ్లు జారవేసుకుని గట్టున కూర్చునేవాడు చెప్పులు ఎక్కడ పెడతాడు?"

"పక్కన."

"మీ ఫోటోలో ఎక్కడున్నాయి?"

ఇన్‌స్పెక్టరు ఫైలు తిప్పలేదు. అంటే చూసే ఉన్నాడు.

"బోటెక్కే చోట, వేళ్లు బోటు వైపు. తాత కూర్చోలేదు, బోటెక్కాడు. రెండేళ్లుగా ఏ బోటుకీ విప్పనివాడు నిన్న విప్పాడు. లోపల ఉన్నవాణ్ణి గుర్తుపట్టాడు కాబట్టి విప్పాడు. గుర్తుపట్టాడు కాబట్టే చచ్చాడు."

"ఎవరు లోపల ఉన్నవాడు?"

నిదానం చెప్పాడు. పంపు, గడియ, గొట్టం, గాడులు. మాట పెంచకుండా, పొడిపొడిగా చెప్పాడు. చెబుతుంటే ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడటం మేస్త్రీ కూడా చూశాడు. చాదస్తం కేసు ఛేదించినందుకే ఆయన భుజం మీద మూడో నక్షత్రం వచ్చింది.

"స్క్రూ గాడి చూసి చచ్చినవాణ్ణి లేపుతున్నావన్నమాట."

"నేను లేపలేదండీ. పారిపోయాడని మీరు వెతుకుతున్నవాడే రెండేళ్ల కిందట ఆ చొక్కాలో పోయాడు. చచ్చినవాడు తిరుగుతున్నాడు. కాగితాల మీద చచ్చాడు కాబట్టి వాడు ఈ దేశం దాటాలంటే దొంగచాటుగానే దాటాలి. బోటు ఈ పోటుకి తప్ప కదలదు. బోటు మీద యజమాని కనబడితే గాని కాలువ గేటు తియ్యరు. మేట దాటేదాకా వాడికి యజమాని కావాలి." నిదానం మందులమ్మ వైపు చూడకుండా మిగతాది చెప్పాడు. "దాటాక అక్కర్లేదు."

మందులమ్మ చేతులు అట్ట చుట్టూ బిగుసుకున్నాయి.

"కానిస్టేబుల్," అన్నాడు ఇన్‌స్పెక్టరు తాపీగా, "వెళ్లి ఆ బోటంతా గాలించి రా. పంపులో దెయ్యం ఉందేమో కూడా చూడు."

కానిస్టేబులు వెళ్లి పది నిమిషాల్లో వచ్చాడు. చొక్కా చెమటకి అంటుకుపోయింది. "ఎవరూ లేరు సార్."

"విన్నావామ్మా? వచ్చి బాగుచేసిపోయినవాడెవడో పుణ్యాత్ముడు. సంతకం పెట్టి హాయిగా వెళ్లు. ఈయన మాత్రం ఇక్కడే ఉంటాడు. మూసిన కేసు మీద ఆరోపణ చేశాడు కదా, అంతా కాగితం మీద రాసిస్తాడు."

మందులమ్మ సంతకం పెట్టి, నిదానం ముందు ఆగింది. "సార్, మీరు కారణం చెప్పారు. ఆగిపోయేదాన్నే. కానీ వెతికి ఎవరూ లేరంటున్నారు. ఉన్నా ఇంత గొడవయ్యాక మళ్లీ వస్తాడా? కేబిన్ తలుపుకి తాళం వేసుకుంటాను. గంట తిరిగి, చీకటి పడకముందే ఒడ్డుకి వచ్చేస్తాం."

"వద్దమ్మా."

"ఎందుకు?"

ఆయన దగ్గర ఇంకో కారణం లేదు. ఉన్నదంతా చెప్పేశాడు. ఆవిడ ఒక్క క్షణం చూసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. మూడూ నలభై.

నిదానం రాయటం మొదలుపెట్టాడు. ఇన్‌స్పెక్టరు ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని ఒక్కో వాక్యానికీ ఒక అక్షరం దిద్దమంటున్నాడు. గోడ గడియారం నాలుగుకి రెండు నిమిషాల దూరంలో ఉంది. 'ముక్కు గది పై మూత' అని రాసి నిదానం కలం ఆపాడు.

"బాబూ," అన్నాడు కానిస్టేబులుతో, "ముక్కు గదిలోకి కూడా వెళ్లావా?"

"వెళ్లటానికి రాలేదండీ. చిన్న తలుపు బిగుసుకుపోయింది. పైకెక్కి మూత లాగాను, అదీ రాలేదు. లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. గట్టిగానే ఉందిలెండి, నీళ్లు దిగవు."

నిదానం మూత కింద పెట్టిన చెక్కముక్క కళ్ల ముందు కదిలింది. గడియ తన చేత్తోనే తీశాడు.

కలం బల్ల మీద దొర్లి కింద పడింది. కుర్చీ వెనక్కి పడిన చప్పుడు, ఇన్‌స్పెక్టరు కేక ఆయన వెనకే మెట్లు దిగాయి. జీవితంలో ఆయన పరుగెత్తింది తక్కువ. ఒక చేత్తో పంచె ఎత్తి పట్టుకుని, చెప్పులు ఫటఫటమని మడమలకి కొట్టుకుంటుంటే పరుగెత్తాడు.

తాళ్లు విప్పేశారు. ఇంజను పొగ కక్కుతోంది. కేకేస్తే డ్రిల్లు మాస్టారుకి వినబడలేదు. మందులమ్మకి మనిషి ఆకారం తప్ప ముఖం ఆనలేదు. వీడుకోలు చెప్పటానికి వచ్చాడనుకుని చెయ్యి ఊపింది. జెట్టీకీ బోటుకీ మధ్య బారెడు నీళ్లు, చూస్తుండగానే బారున్నర.

పరుగులోనే కళ్లు వాటి పని అవి చేశాయి. ఎర్రపట్టీ కింది అంచు వెనకవైపు ఎక్కడుందో అక్కడే ఉంది. ముందువైపు వేలెడు మునిగింది.

సుద్దతో గీసిన పాదాల మీద కాలు మోపి దూకాడు.

మోకాలు చెక్కకి కొట్టుకుంది. కమ్మీ దొరికింది. డ్రిల్లు మాస్టారు చొక్కా పట్టి లోపలికి లాగాడు. "మీకేమైనా మతి పోయిందా?"

నిదానం ఊపిరి తీసుకుని ఆయన చెవి దగ్గరికి వంగాడు. "బోటు తిప్పండి."

"ఇక్కడా? రెండువైపులా బురద. తిప్పితే మేట మీద కూర్చుంటాం. మేట దాటాకే."

"ముందువైపు బరువు పెరిగింది."

"లంగరు గొలుసు."

"గొలుసు పొద్దున కూడా ఉంది."

డ్రిల్లు మాస్టారు మెడలో ఈల ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది. కేబిన్ తలుపుకి మందులమ్మ వేసిన తాళం ఎండలో మెరుస్తోంది. బయట తాళం, లోపల గడియ.

కాలువ గేటు దగ్గర కాపలావాడు యజమాని ముఖం చూసి కర్ర పైకెత్తాడు. సరిగ్గా నాలుగూ పదికి బోటు అడుగు ఒకసారి మెత్తగా బురదని రాసుకుని వదిలింది. మేట వెనకబడింది. ముందంతా నీళ్లే. గాలి పట్టి తెరచాప ఒక్కసారిగా పొంగింది.

"తెరచాప చూడరా తమ్ముడూ, ఎంత తెల్లగా ఉందో," అంది మందులమ్మ తల పైకెత్తి. "నాకు కనబడుతోంది."

నిదానం పెదాల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో ఇంజను చూపించాడు. డ్రిల్లు మాస్టారు ఆపేశాడు.

చప్పుడు పోయాక సముద్రం వినబడింది. పొట్టకి కొట్టుకునే నీళ్లు, తాడు సాగే మూలుగు. ఆ తర్వాత మరొకటి.

కిచ్చు, కిచ్చు.

కింద, తాళం వేసిన తలుపు వెనక, గ్లాసులోకి నీళ్లు పడుతున్నాయి. నిండేదాకా పట్టి ఆపారు. తాగిన గుటకలు కూడా వినబడ్డాయి, నిదానంగా, నాలుగు. మందులమ్మ చూపు తమ్ముడి మీంచి డిటెక్టివు మీదికి వచ్చింది. పెదాలు కదిలాయి. లెక్క పెట్టుకుంటోంది. పైన ముగ్గురున్నారు.

నిదానం తలుపు వైపు ఒక అడుగు వేశాడు. చెప్పు చెక్క మీద టక్కుమంది.

"బోటు మీద చెప్పులేంటండీ," అంది లోపల్నుంచి ఒక గొంతు, కోపం లేకుండా, పాత అలవాటు కొద్దీ అన్నట్టు. "విప్పి, జతగా పెట్టండి."